అరెకానా బాంబూనా, బాటిలా రాయలా: పామ్ మొక్కను చిన్నప్పుడే గుర్తుపట్టడం

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. నర్సరీ నుంచి ఆరు మొక్కలు తెచ్చారు: అరెకా పామ్ అని రెండు, బాటిల్ పామ్ అని రెండు, ఫాక్స్‌టెయిల్ అని రెండు. ఆర్నెల్లు తిరిగేసరికి ఒకే పేరుతో కొన్న జతలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా పెరుగుతున్నాయి. వాటిని కుండీల్లోంచి తీసి కాంపౌండు గోడ వెంట నాటాలనుకుంటున్నారు, ఏది ఏదో చెప్పమంటున్నారు.

ముందు ఒక మాట. తేలేదాకా నేలలో పెట్టకండి. బాటిల్ పామ్ అనుకుని గోడకు నాలుగడుగుల్లో నాటింది రాయల్ పామ్ అయిందంటే, పెద్దయ్యాక దాని మట్ట ఒక్కొక్కటి పది పన్నెండు అడుగులుంటుంది, ఎండి రాలిన రోజు కింద కారు ఉంటే కారు సంగతి అంతే. పైగా ఒంటి మాను పామ్‌ను మిగతా చెట్లలా పైన నరికి అదుపులో పెట్టడం కుదరదు. మొవ్వు పోతే చెట్టే పోతుంది. అందుకే పామ్‌ల విషయంలో పేరు తెలుసుకోవడం సరదా పని కాదు, స్థలం లెక్క.

మీరు పంపిన ఫొటోలు నిలబడి దూరం నుంచి తీసినవి. అలా చూస్తే ఈకలాంటి ఆకున్న పామ్‌లన్నీ ఒకటే. ఆకు మొత్తం ఆకారం, ఆకు రంగు – ఈ రెండే అందరూ చూసేవి, ఈ రెండే ఎక్కువగా మోసం చేసేవి. ఎండలో పెరిగిన అరెకా కాడలు బంగారు రంగులో ఉంటాయి, అదే మొక్కను వరండాలో నీడన పెడితే పచ్చగా మారతాయి. కాబట్టి రంగును ఆఖరికి వదిలేసి, కింది నుంచి పైకి చూసుకుంటూ రండి.

మాటలు ముందే అనుకుందాం: కాడతో సహా మొత్తం ఆకు మట్ట, దానికి రెండు పక్కలా ఉండేవి చిన్నాకులు. మాను పైభాగాన మట్టల మొదళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని నున్నటి పచ్చ గొట్టంలా కనిపిస్తాయి చూడండి, దాన్నే నర్సరీల్లో క్రౌన్‌షాఫ్ట్ అంటారు. వక్క చెట్టుకు అది బాగా తెలుస్తుంది, పెళ్లిళ్లలో వాడే వక్క ప్లేట్లు ఆ భాగం ఊడిపడితే చేసేవే. కొబ్బరికి, ఈతకు ఆ గొట్టం ఉండదు.

మొదటి పరీక్ష మట్టి దగ్గర. ఒక కుండీలో నాలుగు కాండాలు కనిపించినంత మాత్రాన అది పిలకలు వేసే రకం అయిపోదు. గుబురుగా కనిపించడానికి ఒకే కుండీలో మూడు నాలుగు విత్తన మొక్కలు కలిపి పెట్టి అమ్మడం మామూలే. మరుగుజ్జు ఈత, పార్లర్ పామ్, మనీలా పామ్, ఒక్కోసారి ఫాక్స్‌టెయిల్ కూడా ఇలా వస్తాయి. పైమట్టి రెండంగుళాలు వేలితో తీసి చూడండి. నిజమైన పిలక తల్లి కాండానికి అతుక్కుని పక్కకు పుట్టి పైకి వంగి ఉంటుంది. విడి మొక్కలైతే దేని వేర్లు దానికే ఉంటాయి, కాండాలన్నీ ఇంచుమించు ఒకే వయసువిగా ఉంటాయి.

రెండోది చిన్నాకు మడత. ముదురు మట్ట నుంచి ఒక చిన్నాకును, అది మట్ట నడిమి ఈనెకు అతుక్కునే చోట అడ్డంగా కోయండి. కొబ్బరాకులా ఇంటికప్పు ఆకారంలో కిందికి మడత పడిందా, ఈతాకులా దోనె ఆకారంలో పైకి మడత పడిందా? ఈక ఆకున్న పామ్‌లలో దోనె మడత, దాంతోపాటు మట్ట మొదట్లో చిన్నాకులు ముళ్లుగా మారడం – ఈ రెండూ కలిసి ఈత, ఖర్జూరం కుటుంబంలోనే కనిపిస్తాయి. సందేహమే ఉండదు.

మూడోది చిన్నాకు కొన. సూదిగా ముగిసిందా, లేక ఎలుక కొరికినట్టు రంపపు అంచుతో తెగిందా? ఇది మాత్రం లేత మట్టలోనే చూడాలి. పాత మట్టల కొనలు ఎండిపోతే నర్సరీవాళ్లు కత్తెరతో కత్తిరిస్తారు, అది చూసి కొరికిన కొన అనుకుంటే మొత్తం లెక్క తప్పుతుంది. కత్తెర కోత నున్నగా ఉండి అంచున సన్నటి గోధుమ గీత పడుతుంది. పుట్టుకతో వచ్చిన కొన వంకరటింకరగా, పచ్చగానే ఉంటుంది.

ఇక మీ జతల దగ్గరికి వద్దాం.

అరెకా అన్నవాటిలో ఒకటి నిజంగా అరెకానే అనిపిస్తోంది. అసలు ఈ పేరులోనే గందరగోళం ఉంది. శాస్త్రీయంగా అరెకా అంటే మన వక్క చెట్టు. కుండీల్లో అమ్మే అరెకా పామ్ మడగాస్కర్ మొక్క, వక్క కాయదు. పుస్తకాల్లో దాన్ని చాలాకాలం క్రిసాలిడోకార్పస్ అన్నారు, తర్వాత డిప్సిస్ అన్నారు, 2022లో మళ్లీ క్రిసాలిడోకార్పస్‌కే తెచ్చారు. శాస్త్రవేత్తలే ఇన్నిసార్లు మార్చుకున్నాక నర్సరీ కుర్రాణ్ణి ఏమంటాం.

దీనితో కలగలిసిపోయేవి రెండు: బాంబూ పామ్, మెకార్థర్ పామ్. మూడూ పిలకలు వేస్తాయి, కుండీలో మూడడుగుల దాకా మూడూ ఒకేలా అనిపిస్తాయి.

మెకార్థర్‌ను ముందు పక్కకు తీసేయవచ్చు, ఎందుకంటే దాని చిన్నాకు కొన కొరికినట్టుంటుంది. చిన్నాకులు వెడల్పుగా, ఎడంగా ఉంటాయి. పెద్దయ్యాక ఎర్రటి కాయల గెలలు వేస్తుంది.

మిగిలిన రెండింటికీ కొన సూదిగానే ఉంటుంది కాబట్టి కాండం, చిన్నాకుల లెక్క చూడాలి. బాంబూ పామ్ కాండం ఎంత పెరిగినా మన చూపుడువేలు, బొటనవేలు లావు దాటదు. పచ్చగా, కణుపు కణుపుకీ వెదురులా గీత ఉంటుంది, కణుపుల మీద ఎండిన కాగితం లాంటి తొడుగులు పట్టుకుని వేలాడుతుంటాయి. మట్టకు ఒక్కో పక్క పదిహేను, ఇరవైకి మించి చిన్నాకులు ఉండవు. అవి బల్లపరుపుగా పరుచుకుంటాయి, చిట్టచివరి జత తరచు మిగతావాటికన్నా కొంచెం వెడల్పు. అరెకా మట్ట అలా కాదు, విల్లులా వంగుతుంది. దాని మీద చిన్నాకులు రెండు పక్కలా పైకి లేచి నిలబడతాయి. ముదిరిన మట్టలో ఒక్కో పక్క నలభైకి పైనే లెక్క తేలుతుంది. కాండం మొదట్లో తెల్లటి బూడిదలాంటి మైనం పూత ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది.

అరెకా కాడల మీద సన్నటి నల్ల చుక్కలుంటాయి. అవి ఆ మొక్కకు పుట్టుమచ్చలు. పొలుసు పురుగు అనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది. పొలుసు పురుగైతే గోటితో గీరగానే ఊడి వస్తుంది, చుట్టూ జిగట ఉంటుంది, చీమలు తిరుగుతుంటాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే బాంబూ పామ్ నీడ మొక్క. మన మే నెల పడమటి ఎండలో పెడితే ఆకు కాలి గడ్డి రంగుకు తిరుగుతుంది. అరెకా ఎండకు నెమ్మదిగా అలవాటు పడుతుంది, నేలలో పెడితే ఇరవై అడుగుల పైకి పోయి కంచెలా మూసేస్తుంది. అరెకాకు గోడ నుంచి కనీసం నాలుగడుగులు, మొక్కకూ మొక్కకూ ఐదారడుగులు ఇవ్వండి. గుబురు మరీ ఎక్కువైతే పాత కాండాన్ని మట్టి మట్టానికి కోసేయవచ్చు. కోసిన కాండం మళ్లీ చిగురించదు కానీ పక్క పిలకలు పెరుగుతూనే ఉంటాయి. ఇంకొకటి, బాంబూ పామ్ ఆడ మొక్కకు నారింజ రంగు కాడల మీద నల్లటి కాయలు వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి కానీ రసం చర్మానికి తగిలితే దురద. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ గెల కోసేయడమే మంచిది.

ఇప్పుడు బాటిల్ పామ్. మీ డబ్బు ఇరుక్కున్నది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

బాటిల్ పామ్‌కు మారు వేషాలు రెండు: స్పిండిల్ పామ్, పిల్ల రాయల్ పామ్. మొదటిది దాని సొంత అన్నదమ్ముల బిడ్డ. బాటిల్ పామ్ మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్‌ది, స్పిండిల్ పామ్ రోడ్రిగ్స్ దీవిది, ఒకే ప్రజాతి. రెండూ పుట్టిన చోట అడవిలో దాదాపు కనుమరుగైనవే, తోటల్లో మాత్రం ప్రపంచమంతా ఉన్నాయి. నర్సరీల్లో వినే షాంపేన్ పామ్ అన్న పేరును ఒకచోట దీనికి, మరోచోట దానికి తగిలిస్తారు, కనుక ఆ పేరును లెక్కలోకి తీసుకోకండి.

పెరిగిన చెట్లలో తేడా పిల్లలు కూడా చెప్పగలరు. బాటిల్ పామ్ లావంతా అడుగున, పైకి పోయేకొద్దీ సీసా మెడలా సన్నబడుతుంది, పదడుగులు పెరగడమే గొప్ప. స్పిండిల్ మొదట్లో సన్నగా ఉండి, నడుమ ఉబ్బి, పైన మళ్లీ సన్నబడి కదురులా ఉంటుంది, ఇరవై అడుగుల దాకా పోతుంది. చిక్కంతా పిల్ల మొక్కలతోనే. స్పిండిల్ కూడా చిన్నప్పుడు అడుగున కాస్త ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి నాలుగైదేళ్ల లోపు మొక్కను మాను ఆకారం చూసి తేల్చకండి. కాడ చూడండి. పిల్ల బాటిల్ పామ్ కాడకు, మట్ట అంచులకు ఎర్రటి, నారింజ ఛాయ ఉంటుంది. స్పిండిల్ కాడ వీపు వెంట పసుపు చార పొడవునా పోతుంది. ఆ తర్వాత మట్టను చివరి వైపు నుంచి, కన్ను దగ్గరగా పెట్టి చూడండి. బాటిల్‌ది అయితే చిన్నాకులు రెండు వరుసల్లో క్రమంగా పైకి లేచి ఉంటాయి, స్పిండిల్‌వి కొంచెం కొంచెం వేరే కోణాల్లో పుట్టి చెదిరిన చీపురులా కనిపిస్తాయి.

పిల్ల రాయల్ పామ్ సంగతి వేరు, అది బంధువు కాదు, అచ్చం బంధువులా కనిపించే మొక్క. మూడు నాలుగడుగుల వయసులో రాయల్ మొదలు కూడా సీసాలా ఉబ్బుతుంది. బాటిల్ అని చెప్పి అమ్మడానికి అంతకన్నా ఏం కావాలి? దీన్ని పట్టించేది మాను మీది వలయాలు. మట్ట ఊడిన చోటల్లా ఒక వలయం మిగులుతుంది. రెండు వలయాల మధ్య దూరం అంటే ఆ చెట్టు పరుగు. రాయల్ వేగంగా పెరిగేది కాబట్టి వలయాలు అంగుళాల ఎడంలో పడతాయి. బాటిల్ పామ్ నత్తనడక, వలయాలు గాజుల దొంతరలా దగ్గర దగ్గరగా ఉంటాయి. మట్టల లెక్క కూడా పనికొస్తుంది: బాటిల్ పామ్ తలమీద ఎప్పుడు చూసినా నాలుగు నుంచి ఎనిమిది మట్టలే, గట్టిగా, వంగి, కొంచెం మెలి తిరిగి ఉంటాయి. అంత తక్కువ మట్టలతో ఎందుకో నీరసంగా ఉందని ఎరువు దట్టించకండి, అది దాని తీరు. రాయల్ మట్టలు అంతకంతకు పొడవవుతూ పోతాయి, కాడ పచ్చగానే ఉంటుంది, ఎర్ర ఛాయ ఉండదు. ఇంకా చిన్న మొలక దశలో అయితే తొలి ఆకు చూడండి, రాయల్‌ది చీలిక లేని సన్నటి పట్టీలా వస్తుంది.

రాయల్‌కు గోడ నుంచి, కరెంటు తీగల నుంచి కనీసం పదిహేనడుగులు వదలండి, ఇరవై అయితే నిశ్చింత. ఇరవై అడుగుల వాకిలి ఉన్న ఇంటికి అసలు రాయల్ వద్దనే నా మాట. బాటిల్‌కు ఐదడుగులు చాలు.

ఫాక్స్‌టెయిల్ జత దగ్గర మనుషులు చేసే తప్పు ఒకటే: నక్కతోకలాంటి ఆకు కోసం చూడటం. పిల్ల ఫాక్స్‌టెయిల్ మట్ట తోకలా ఉండదు, బల్లపరుపుగానే ఉంటుంది. చిన్నాకులు ఈనె చుట్టూ తిరిగి కుచ్చులా పుట్టడం వయసు వచ్చాకే. కాబట్టి ఇక్కడ కొన చూడటమే దారి. ఫాక్స్‌టెయిల్ చిన్నాకు కొన మొలక దశ నుంచే కొరికినట్టుంటుంది. రాయల్ మట్ట కూడా పెద్దయ్యాక చిన్నాకులు రకరకాల కోణాల్లో వచ్చి కుచ్చులా కనిపిస్తుంది, కానీ దాని కొనలు సూదిగా ఉంటాయి. ఈ ఒక్క తేడా గుర్తుంటే రోడ్డు మీద పోతూ కూడా విడగొట్టవచ్చు.

ఫాక్స్‌టెయిల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, కేప్ మెల్‌విల్ దగ్గరి బండరాళ్ల నేలలో పుట్టింది. శాస్త్రలోకానికి 1983లోనే అధికారికంగా పరిచయమైంది, వోడియెటియా అన్న పేరు ఆ ప్రాంతపు ఆదివాసి వోడియెటి పేరు మీద పెట్టారు. ఇన్ని పార్కుల్లో కనిపించే చెట్టుకు అంత చిన్న చరిత్ర అంటే వింతే. రాళ్లలో పుట్టింది కాబట్టి వేర్ల దగ్గర నీరు నిలవడం దీనికి పడదు. నల్లరేగడి అయితే గుంటను మూడడుగుల వెడల్పున తవ్వి, ఇసుక, గ్రావెల్ కలిపి, చుట్టూ నేలకన్నా అడుగు ఎత్తున దిబ్బ మీద నాటండి.

మీ రెండో ఫాక్స్‌టెయిల్ బహుశా అలెగ్జాండర్ పామ్. ఫొటోలో చిన్నాకు కొనలు సూదిగా కనిపిస్తున్నాయి, మట్ట చివర పక్కకు మెలిక తిరిగింది. నిర్ధారణకు చిన్నాకును తిప్పి అడుగు చూడండి. బూడిద పూసినట్టు వెండి రంగు ఉంటే అలెగ్జాండరే. దానికి సోదరి రకం బంగాలో పామ్‌కు అడుగు కూడా పచ్చగానే ఉంటుంది, పూలు ఊదా ఛాయలో వస్తాయి. అలెగ్జాండర్ పూలు తెల్లన, మీగడ రంగు. ఈ రెండూ తడి అడవుల చెట్లు, హైదరాబాద్, కర్నూలు ఎండల్లో మొదటి రెండు వేసవులు పరదా కట్టకపోతే ఆకు కాలుతుంది. గోదావరి జిల్లాల్లో ఇంత ఇబ్బంది లేదు. అడుగు పచ్చగా ఉండి, కొనలు మాత్రం కొరికినట్టుంటే అది సాలిటేర్ పామ్ అయ్యే అవకాశం ఉంది. మెకార్థర్‌కు ఒంటి మాను తోబుట్టువు అనుకోండి.

పోషక లోపం కూడా వేషం మార్చేస్తుంది. సున్నం ఎక్కువున్న మట్టిలో మాంగనీస్ అందక కొత్త మట్ట పొట్టిగా, ముడుచుకుని, కొనలు కాలినట్టు వస్తుంది. అది చూసి వేరే రకమేమో అనుకుంటారు. లీటరు నీటికి 2 గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ కలిపి మొవ్వు తడిసేలా నెలకోసారి, మూడుసార్లు కొట్టి, ఆ తర్వాత విచ్చుకున్న మట్టను చూసి తేల్చండి. పాత మట్టల్లో మాత్రమే పసుపు, నారింజ చుక్కలు పడుతుంటే అది పొటాష్ కొరత, గుర్తింపుతో సంబంధం లేదు. చిన్నాకులు కత్తెరతో వీ ఆకారంలో కోసినట్టు ఉంటే కొమ్ము పురుగు పని, మొవ్వులో రంధ్రం ఉందేమో వెతకండి.

మీ గేటు పక్కనున్న "ఖర్జూరం" గురించి కూడా అడిగారు. దోనె మడత, ముళ్లు ఉన్నాయంటున్నారు కాబట్టి ఈ కుటుంబమే. మన ఈత చెట్టు ఒంటి మానుతో పెరుగుతుంది, మాను మీద డైమండ్ ఆకారపు మచ్చలు, మొదట్లో వేర్ల గుట్ట. ఖర్జూరం మొదట్లో పిలకలు పెడుతుంది, మట్టలు గట్టిగా, నీలి బూడిద రంగులో నిలబడతాయి, తల పలచగా ఉంటుంది. కెనరీ పామ్ అయితే మాను రెండడుగులకు పైన లావు, తలలో లెక్కపెట్టలేనన్ని పచ్చటి మట్టలు. మరుగుజ్జు ఈత, నర్సరీలో ఫీనిక్స్ అని అమ్మేది, పొట్టిగానే ఉంటుంది, ఆకు మెత్తగా మెరుస్తుంది. ఇవన్నీ ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే రకాలు, పక్కపక్కన ఉంటే ఒకదానితో ఒకటి సంకరమైపోతాయి. విత్తనంతో పెంచిన మొక్కలో రెండు రకాల లక్షణాలూ కలిసి కనిపిస్తే మీ కళ్ల తప్పు కాదు.

విసనకర్ర ఆకు పామ్‌ల గురించి టూకీగా. చైనా పామ్ ఆకు కొనలు చీలి కిందికి జాలువారతాయి. టేబుల్ పామ్ ఆకు గుండ్రంగా ఉంటుంది. వాషింగ్టోనియా ఆకుల మధ్య దారాలు వేలాడతాయి, కాడకు పదునైన పళ్లుంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు వాషింగ్టోనియాలో రెండు రకాల తేడా ఖరీదైన విషయం. సన్న మానున్న రొబస్టా చలికి త్వరగా లొంగుతుంది, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచిన మంచుకు చాలా చచ్చిపోయాయి. లావు మానున్న ఫిలిఫెరా కాస్త గట్టిది. రేపిస్ పామ్ అంటే వేలులావు కాండాలకు నల్లటి పీచు చుట్టుకుని ఉండే గుబురు, దాన్ని దేనితోనూ పొరబడరు.

బిస్మార్కియాను, తాటి మొక్కను మాత్రం పొరబడతారు. వెండి నీలం రంగుంటే బిస్మార్కియా, పచ్చగా ఉండి కాడ అంచున నల్లటి రంపపు పళ్లుంటే తాటి. రెండింటికీ ఒక పోలిక ఉంది: తేగ ఎలా నేలలోకి దిగుతుందో తెలుసుగా, బిస్మార్కియా మొలక కూడా అలాగే లోతుకు దిగాక పైకి ఆకు పంపుతుంది. అందుకే దాని వేరు కదిపితే సహించదు. సంచి కోసి మట్టి గడ్డ పగలకుండా దించాలి తప్ప లాగకూడదు. దీని తల ఇరవై అడుగుల వెడల్పు పరుచుకుంటుంది, అది చూసుకుని కొనండి.

సైకస్, అదే సాగో పామ్, అసలు పామ్ కాదు, పామ్‌ల కన్నా పైన్‌కే దగ్గర చుట్టం. కుక్క ఉన్న ఇంట్లో దాని గింజలు అందకుండా చూడాలి, కాలేయాన్ని దెబ్బతీసే విషం. ట్రావెలర్స్ పామ్ కూడా పామ్ కాదు, అరటికి దూరపు బంధువు.

మళ్లీ ఫొటోలు తీసేటప్పుడు ఒక్కో మొక్కకు నాలుగు చాలు: పైమట్టి తీసిన మొదలు, కాడ మానుకు అతుక్కునే చోటు, లేత మట్టలోని ఒక చిన్నాకు కొన, అదే చిన్నాకు అడుగు. పక్కన స్కేలో, రూపాయి నాణెమో పెట్టండి. ఫ్లాష్ వద్దు, అడుగు వెండి రంగా కాదా అన్నది ఫ్లాష్‌లో తెలియదు.

బాటిల్ జత కాడ రంగుతో కూడా తేలకపోతే రెండింటినీ 16 అంగుళాల కుండీల్లోకి మార్చి, ఒకే ఎండలో పక్కపక్కన పెట్టి, ఈ వానాకాలం నుంచి వచ్చే వానాకాలం దాకా ఆగండి. ఇవాళే విచ్చుకోని ఈటె మట్ట మీద మార్కర్ పెన్నుతో చిన్న గీత పెట్టి తేదీ రాసుకోండి, తర్వాత వచ్చే ప్రతి మట్టకూ అలాగే చేయండి. ఏడాదిలో ఒకటి రెండోదాని కన్నా రెట్టింపు మట్టలు వేసి, మాను మీద ఎడంగా వలయాలు వదిలిందంటే అది రాయల్. దాన్ని పొలం గట్టుకో, పెద్ద స్థలం ఉన్న స్నేహితులకో ఇచ్చేయండి. వెనకబడినదాన్ని గేటు పక్కన నాటుకోండి.